దసరా సెలవుల తరువాత



తెలుగుదేశమున దసరాకును బడికిని గల సంబంధము చాల పాతది. వీధిబడుల దినములలో నవరాత్రులు వచ్చినంతనే పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికిని పోయెడివారు. పిల్లల చేతులలో రంగుకాగితములు చుట్టిన విల్లంబులు, నోట దసరా పద్యములు. గృహస్థులు అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చి పంపెడివారు. అయ్యవారి యేడాది రాబడిలో అదియొక ముఖ్యభాగము కావున ఆ యాచారమును ఉత్త వేడుకయని చెప్పుట సరికాదు. అయినను పిల్లవాని కన్నులకు మాత్రము అది బడియంతయు ఊరేగింపుగా బయలుదేరి తన గుమ్మమునకు వచ్చిన దినము. మూలానక్షత్రమున సరస్వతీపూజ, విజయదశమినాడు చిన్నవారికి అక్షరాభ్యాసము. ఆ ఋతువున చదువు పండుగబట్టలు కట్టుకొని ఇంటిలో ప్రవేశించెడిది.

ఢిల్లీలో కేంద్రప్రభుత్వోద్యోగి కుటుంబమునకు ఈ ఋతువు వచ్చు తీరు వేరు. ఇచట బడి సంవత్సరము ఏప్రిలులో ఆరంభమగును. ఆంధ్రప్రదేశమునందును, తెలంగాణమునందును వేసవి సెలవులు గడచి, జూను రెండవ వారములో బడులు తెరచెదరు. జూలైలో బదిలీపై వచ్చిన ఉద్యోగి కూతురు అచట నెలదినములు మాత్రమే చదివి, ఇచట ఏప్రిలు, మే పాఠములు అప్పుడే ముగిసిన తరగతిలో కూర్చుండును. సెప్టెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు. ఆపైన దసరా సెలవులు. నాలుగు వారములు గడువకముందే దీపావళి. బడి విరిగి విరిగి నడచును. అంతలో చలి, పొగ.

పెద్దలు బదిలీ గొడవనుండి తేరుకొని, క్వార్టరు దొరికి, గ్యాసు కనెక్షను మారి, హమ్మయ్య యనుకొను కాలమిది. చిన్నపిల్లకు అసలు కష్టము మొదలగు కాలమును ఇదియే. జూలై, ఆగస్టు నెలలలో ఆమె ‘కొత్తపిల్ల’. టీచరు ఒక మాట రెండుమారులు చెప్పును. తోడిపిల్లలు వింతగానైనను చేరవత్తురు. దసరా సెలవుల తరువాత ఆ మర్యాద ముగియును. అప్పటికి అందరితోపాటు ఆమెకును అన్నియు వచ్చియుండవలెనని బడి అనుకొనును, తల్లిదండ్రులు అంతకంటెను గట్టిగా అనుకొందురు.

ఈ సంగతిని ఊరక చెప్పుటకంటె, తెలుగు కుటుంబములలో జరుగునట్టి కథగా చెప్పుట మేలు. విశాఖపట్టణములోని యొక కేంద్ర కార్యాలయమునుండి ఒక ఉద్యోగి ఢిల్లీకి బదిలీయై వచ్చెను. భార్యయు ఉద్యోగినియే. ఏడేండ్ల కూతురు రెండవ తరగతిలో చేరెను. విశాఖలో ఇంగ్లీషు మీడియము బడిలో చదివిన పిల్ల, లెక్కలలో చురుకు, ఇంటిలో మూడంకెల కూడికలు వ్రేళ్లు మడువకయే చేసెడిది. సెప్టెంబరు పరీక్షలో టీచరు నోటితో పది సంఖ్యలు చెప్పి వ్రాయుమన్నది. ఈ పిల్ల రెండు వ్రాసి తక్కినవి ఖాళీగా విడిచెను. లెక్కలలో వెనుకబడి యున్నదని బడినుండి చీటీ వచ్చెను.

తండ్రి ఆ చీటీని ఆఫీసులో మెమో చదివినట్లే చదివెను. సంజాయిషీ అడిగెను. పిల్ల మాటలాడలేదు. ఆ ఆదివారము ఇంటికి వచ్చిన మిత్రుల యెదుట, “దీనికి అన్నీ వచ్చు, శ్రద్ధే లేదు” అని నవ్వుచు చెప్పెను. ఆయన దృష్టిలో అది మెత్తని మాటయే. పిల్ల లోపలి గదిలోనికి పోయి తలుపు చేరవేసికొన్నది. మరునాటినుండి ప్రొద్దున లేచినది మొదలు కడుపునొప్పి.

వైద్యుడు పరీక్షించి యేమియు కనబడలేదనెను. జ్వరము లేదు, బరువు తగ్గలేదు, రాత్రులు నొప్పితో లేచుట లేదు. (ఇవి యున్నచో బడిభయమని తోసివేయరాదు, మరల వైద్యునికి చూపవలసినదే.) ఆయన చివరకు ఒక ప్రశ్న వేసెను: “ఆదివారాలు నొప్పి వస్తోందా?” తల్లిదండ్రులు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ఆదివారము రాదు. తరువాత పదిదినముల దసరా సెలవులలో ఒక్కనాడును రాలేదు. బడి తెరచిన దినముననే తిరిగి వచ్చెను.

పిల్లలు నొప్పి నటించుచున్నారని పెద్దలు తొందరపడి అందురు. దిగులు పడిన పిల్లకు కడుపు నిజముగనే నొప్పి పెట్టును. చెప్పుకొనుటకు మాట లేనప్పుడు ఒడలు మాటలాడును. పెద్దవారికిని పెద్ద అధికారి పిలుపు వచ్చిన దినమున జరుగునదియే.

ఆ సెలవులలో పిల్లయొక్క మామ్మగారు విశాఖనుండి వచ్చియుండిరి. రైలుపెట్టెలో బట్టలకంటె బొమ్మలు ఎక్కువ. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి ఏనుగు అంబారీ, పాత పెండ్లికొడుకు పెండ్లికూతుళ్లు. చిన్న క్వార్టరులో, ట్రంకుపెట్టెలమీద తెల్లపంచె పరచి, మూడు మెట్లు కట్టి బొమ్మలకొలువు పెట్టిరి. చుట్టుప్రక్కల క్వార్టర్లనుండి బెంగాలీలు, పంజాబీలు, తమిళులు వచ్చి చూచి పోయిరి. ఒక మధ్యాహ్నము తల్లి వంటయింటినుండి వచ్చుచు కొలువుముందు ఆగిపోయెను. పిల్ల టీచరై కూర్చున్నది. లక్కబొమ్మలు తరగతి. చక్కని హిందీలో, తల్లికి రాని పలుకుబడితో, “ఉన్‌తాలీస్ లిఖో” అని ఆజ్ఞాపించుచున్నది. ఒక చిన్న బొమ్మవంక కొంతసేపు చూచి, అది వ్రాయలేదు కాబోలు, దానిని తీసి చివరి వరుసలో గోడవైపు మొగము పెట్టి నిలిపెను.

తల్లికి అప్పుడు నవ్వు వచ్చెను. బడి తెరచిన పిమ్మట కడుపునొప్పి తిరిగి వచ్చిన దినముననే దాని యర్థము స్ఫురించెను.

‘ఉన్‌తాలీస్’ అనగా 39. ఇచట కొంచెము నిలిచి ఆలోచింపవలెను, ఏలయన దీనిని గుర్తింపని తెలుగు తల్లిదండ్రులు ఢిల్లీలో చాలమంది కలరు. తెలుగులో పంతొమ్మిది దాటినపిమ్మట సంఖ్యలు నేర్చుట సులభము. ఇరువదికి మూడు చేర్చిన ఇరువది మూడు. ముప్పదికి తొమ్మిది చేర్చిన ముప్పది తొమ్మిది. ఒకటినుండి పంతొమ్మిది వరకు పేర్లు, పదులకు ఎనిమిది పేర్లు, నూరునకొక పేరు. ఇరువదియెనిమిది మాటలు వచ్చిన పిల్ల నూరు వరకు లెక్కించును. వ్రాయు అంకెలును పలుకు మాటయు ఒకే వరుసలో నడచును. ఇంగ్లీషునందును ఇరువది దాటిన తరువాత అంతియే.

హిందీలో అట్లు కాదు. 23 తేయీస్, 43 తైంతాలీస్, 53 తిర్‌పన్, 63 తిర్‌సఠ్. మాటలో ఒకట్ల అంకె ముందు వచ్చును, పదుల అంకె వెనుక వచ్చును, రెండును కరగి యొకటిగును. నూరు పేర్లను ఇంచుమించు నూరుగనే నేర్వవలెను. తొమ్మిదితో ముగియు సంఖ్యలు మరియొక వింత. 39 అనునది నలువదికి ఒకటి తక్కువ. 59 ఉన్‌సఠ్, అరువదికి ఒకటి తక్కువ. 69 ఉన్‌హత్తర్, డెబ్బదికి ఒకటి తక్కువ. హిందీ పిల్లలకు ఇవి చెవినిండ వినివిని ఊయలనుండి వచ్చినవి. విశాఖ పిల్లకు ఇవి మూడు నెలల చుట్టములు. ఆమెకు లెక్క రాక కాదు, సంఖ్య పేరు తెలియక ఊరకున్నది. నోటితో చెప్పిన పరీక్ష లెక్కల పరీక్షగా కనబడుచు, నిజమునకు భాషాపరీక్ష అయినది. చీటీ వ్రాసిన టీచరుకును, చదివిన తండ్రికిని ఆ భేదము తట్టలేదు.

హిందీలో మరికొన్ని చిక్కులు గలవు. రామ అని వ్రాసి రామ్ అని చదువుట అజంతభాషలో పుట్టిన పిల్లకు వింత. కుర్చీ స్త్రీయనియు, మేజును స్త్రీయే యనియు తెలియవలెను. తెలుగులో ఈ రెండును ‘అది’. పిల్ల తప్పు పలుకును, నలుగురు నవ్వుదురు, ఆపైన పలుకుట మానును. కొత్తభాషలో పడిన చిన్నపిల్లలు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, బడిలో నోరు విప్పకుండుట అరుదు కాదు. ఆ కాలమంతయు వారు వినుచుందురు, లోలోపల కూర్చుకొనుచుందురు. లక్కబొమ్మల తరగతి దానికి సాక్ష్యము. ఇంటిలో సొంతభాషయందును మాట తగ్గినచో, లేక బడిమౌనము ఎంతకాలమునకును వీడకున్నచో, నిపుణులకు చూపవలెను. ఇంటిలో గలగల మాటలాడు పిల్లకు ముందు కావలసినది కాలము.

తండ్రి ఒకపూట ఆకస్మిక సెలవు పెట్టి బడికి పోయెను. ఏడాదికి ఎనిమిది దినముల ఆకస్మిక సెలవులో సగము దినము. ఇది చిన్న సంగతి కాదని సెక్షనులో పనిచేయువారికి తెలియును. ఉద్యోగినులైన తల్లులకు 2008నుండి శిశుపాలన సెలవు కలదు; మొత్తము ఉద్యోగకాలములో 730 దినములు, పెద్దవారైన ఇద్దరు పిల్లలకు పదునెనిమిదేండ్లు నిండువరకు. 2018లో అది ఒంటరి తండ్రులకును వర్తింపజేయబడినది. కాని అది హక్కుగా అడుగదగినది కాదు, పైగా ఒకమారు కనీసము అయిదు దినములు పెట్టవలెను. టీచరుతో అరగంట మాటలాడుటకు అది యక్కరకు రాదు. ఈ యరగంటయే తరచుగా చాలును. పిల్లల చదువుకై వేలు వ్యయపరచు తండ్రులు ఈ అరగంట దగ్గర లోభులగుట చిత్రము.

టీచరు నిర్దయురాలు కాదు. ఆమె తరగతిలో నలువదిమంది. గోడవైపు నిలబెట్టుట యెన్నడును జరుగలేదు. పిల్ల జవాబు చెప్పలేక కన్నీరు పెట్టుచున్నదని, అందరి కంటను పడకుండునట్లు చివరి బల్లకు, గోడప్రక్కకు మార్చినది. ఆమె దయగా చేసినదానిని పిల్ల శిక్షగా గ్రహించినది. తండ్రి సంఖ్యల పేర్ల సంగతి చెప్పగా ఆమె కొంచెము సేపు ఊరకుండి, తన సెలవుదినములలో కేరళము పోయినపుడు బస్సు నంబరు అర్థము కాక నిలబడిన సంగతి చెప్పెను. పిల్లను ముందు బల్లకు మార్చుటకును, కొన్నినాళ్లు సంఖ్యను పలికి ప్రక్కనే ఇంగ్లీషులో కూడ చెప్పుటకును ఒప్పుకొనెను. పోవుచున్న తండ్రితో, ఇంటిలో కూడ హిందీయే మాటలాడుడని సలహా యిచ్చెను.

ఆ సలహా మంచి మనసుతో ఇచ్చినదే, కాని చెడ్డసలహా. తండ్రి దానిని ఉత్తర్వుగా స్వీకరించి ఎనిమిది దినములు అమలు జరిపెను. ఆయన హిందీలో కుర్చీకి మీసములు మొలచినవి. తల్లి వంటయింటిలో మాటలు తగ్గించెను. మామ్మగారికి హిందీ ఒక్క ముక్కయు రాదు. మనుమరాలి చదువు తనవలన చెడునేమోయని ఆమె కథలు చెప్పుట మానిరి. ఇంటిలో సాయంకాలములు నిశ్శబ్దమాయెను. అంతవరకు బడిలో మాత్రమే మూగయైన పిల్ల ఇంటిలోకూడ మూగయగు సూచనలు కనబడెను. తొమ్మిదవనాడు తల్లి ఆ యుత్తర్వును రద్దుచేసెను.

పిల్ల హిందీని హిందీ బాగుగా వచ్చినవారినుండి నేర్చును. తోడిపిల్లలనుండి అన్నిటికంటె బాగుగా నేర్చును. తల్లిదండ్రులు ఇవ్వగలిగినది తెలుగు. కారణము చెప్పుట, కథ వినిపించుట, ఎందులకని యడుగుట, కూడిక తీసివేతల తర్కము ఇవి యొక భాషలో గట్టిపడినచో రెండవ భాషలోనికి తమంత తాము నడచిపోవును. 2020నాటి జాతీయ విద్యావిధానము కూడ వీలైనచోట్ల కనీసము అయిదవ తరగతివరకు ఇంటిభాషలోనే బోధన యుండవలెనని చెప్పుటకు ఆధారమిదియే. ఢిల్లీలో తెలుగుపిల్లలందరికిని అట్టి బడి అందుబాటులో నుండుట సాధ్యము కాదు. ఇల్లు మాత్రము అందుబాటులోనే యున్నది.

ఇంటిపనిని గూర్చి ఒక మాట. చీటీ వచ్చిన వారములోనే తండ్రి మూడు వర్కుబుక్కులు కొని, సాయంకాలము ట్యూషను కుదిర్చెను. పిల్లల సంచి బరువును గూర్చి ఆర్. కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మాటలాడెను; యశ్‌పాల్ సంఘము 1993లో నివేదిక సమర్పించెను; 2020నాటి బడిసంచి విధానము రెండవ తరగతివరకు ఇంటిపనియే ఉండరాదనియు, ఆ పిల్లల సంచి 1.6నుండి 2.2 కిలోలకు మించరాదనియు చెప్పినది. ముప్పదియేండ్ల ప్రయత్నముతో ప్రభుత్వము దించిన బరువును ప్రభుత్వోద్యోగియే తన యింటిలో తిరిగి ఎత్తుచున్నాడు! ట్యూషను మాన్పించిరి.

దానికి బదులు చేసినవి చాల చిన్నవి. క్వార్టరు మూడవ అంతస్తులో నున్నది. మెట్లు ఎక్కునప్పుడు తల్లియు కూతురును హిందీలో మెట్లు లెక్కించిరి, ఒకనాడు ఇరువదులు, మరునాడు ముప్పదులు. కూరగాయల బండివాడు జామకాయలు తూచి ధర చెప్పగా, ఎంతయైనదో పిల్లయే తల్లికి తెలుగులో చెప్పవలెను. క్రింది అంతస్తులో అదే తరగతి చదువు పంజాబీ పిల్ల యొకతె కలదు. ఆమె మామ్మగారి జంతికలకై వచ్చుట మొదలుపెట్టెను. ‘ఇంకొకటి’ యనుమాట పదిదినములలో నేర్చెను. నలువదిమందితో మాటలాడుట కొండ యెక్కుట. ఒక్కరితో మాటలాడుట ఒక మెట్టు.

నిద్ర సంగతి పెద్దలు తేలికగా తీసికొందురు. ఆరునుండి పండ్రెండేండ్ల పిల్లలకు తొమ్మిదినుండి పండ్రెండు గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పెదరు. నవంబరు చివర విశాఖలో ఆరుంబావుకు ముందే ప్రొద్దు పొడుచును. ఢిల్లీలో ఏడు కావచ్చును. ఇచటి పిల్ల చీకటిలో లేచి బడి బస్సు కెక్కును. తండ్రి మెట్రో దిగి ఇల్లు చేరుసరికి రాత్రి ఏడున్నర, భోజనము తొమ్మిదిన్నర. నాన్నను చూడవలెనని మేలుకొనియున్న పిల్లను ప్రొద్దున లేవదని గద్దించుట న్యాయము కాదు. ఆ యింటిలో పిల్ల అన్నము ఏడు గంటలకు మార్చి, తండ్రి వాటాను ప్రొద్దునకు మార్చిరి. బస్సుదాక పది నిమిషములు తండ్రికూతుళ్ల నడక. ఆ నడకలో చదువు మాట యెత్తరాదని తల్లి షరతు. ఆయన రెండుమూడుమారులు తప్పెను.

పొగకు మాత్రము ఎవరింటిలోను మందు లేదు. 2024 నవంబరులో ఢిల్లీ గాలి మిక్కిలి చెడి, ప్రాథమిక తరగతులు మొదలుకొని బడులు ఇండ్లనుండి ఫోనులో నడచినవి. అట్టి దినములు మరల వచ్చును. టీచరు పెదవులు, ప్రక్కపిల్ల పుస్తకము చూచి సంగతి పట్టుకొను కొత్తభాష పిల్లకు ఫోను పాఠము రెండింతల కష్టము. తల్లిదండ్రులిరువురును ఆఫీసునకు పోవు ఇండ్లలో ఆ ఫోను ఎచటనుండి వచ్చునను ప్రశ్న యొకటి. ఒకే మెట్ల వరుసలోని ఇద్దరు పిల్లలను ఒక ఇంటిలో, ఒక పెద్దమనిషి కావలిలో, కలిపి కూర్చుండబెట్టుట ఉత్తమము. ఒకరు వినలేనిది మరియొకరు విందురు.

కథలోని పిల్ల దసరా తరువాత ఒక్కసారిగా మారిపోలేదు. కడుపునొప్పి నవంబరు నడుమ సోమవారములకు దిగెను, ఆపైన అదియు తగ్గెను. డిసెంబరు పరీక్షలో నోటిసంఖ్యలు పదింట ఆరు వ్రాసెను. టీచరు ప్రశ్నించిన తల యూపును, ఒకటిరెండు మాటలు చెప్పును. క్రింది అంతస్తు పిల్లతో మాత్రము బస్సులో కీచులాడును. మామ్మగారు సంక్రాంతికి విశాఖ పోవలెనని టిక్కెట్టు తెప్పించుకొనిరి. అది తెలిసిన దినమున కడుపునొప్పి మరల ఒక్కమారు వచ్చెను.

ఆ నెలలోనే ఒక ఆదివారము తండ్రి కూతురుతో కూరగాయల బండివద్దకు దిగెను. ముసుగువంటి చలి. బండివాడు సంచీ అందించి “ఉన్‌హత్తర్” అనెను. తండ్రి అరువది రూపాయలు చేతిలో పెట్టి చిల్లరకై నిలిచెను. బండివాడు ఆయన వంక చూచెను, ఆయన బండివాని వంక చూచెను. పిల్ల తండ్రి స్వెట్టరు అంచు పట్టి లాగెను.

“ఆయన మనకివ్వడం కాదు నాన్నా, మనమే ఇంకా తొమ్మిది రూపాయలివ్వాలి.”